ముందు రసీదు పుస్తకం కొను

చి. అబ్బాయికి, పెదనాన్న ఆశీస్సులు.

పద్యనాటకాల వాళ్లందరినీ కలిపి సంఘం పెడతానని రాశావు. చాలా సంతోషం వేసింది. నలభై ఏళ్లు హార్మోనియం వాయించాను కాబట్టి తోచింది చెబుతున్నా.

రిజిస్ట్రేషన్‌కి టెన్షన్ పడకు. 2001 సొసైటీల చట్టం ప్రకారం ఏడుగురుంటే చాలు. అసలు చిక్కు సభ్యుల దగ్గరే. మేకప్ చేసేవాళ్లని, తెర లాగేవాళ్లని కూడా చేర్చుకో. నాటకాలు ఒప్పుకునే కాంట్రాక్టర్లు వేషాలు కూడా వేస్తుంటారు. వాళ్లు సభ్యులుగా ఉండొచ్చు గానీ, రేటు తేల్చేటప్పుడు ఓటు ఉండకూడదు. ఈ మాట బైలాస్‌లోనే రాసుకో, తర్వాత మొహమాటపడతావు.

ఒక తిరునాళ్లలో నాటకం తెల్లవారుజామున అయింది. కృష్ణుడు వేసినాయనకి డబ్బు ముందే ముట్టింది. డోలక్ ఆయన మొహం కడుక్కుని వచ్చేసరికి కాంట్రాక్టరు కారు లేదు. వేళ్లకి చుట్టిన ప్లాస్టర్ కూడా విప్పకుండా ఆయన బస్టాండులో కూర్చుంటే నాకు కడుపు తరుక్కుపోయింది. చార్జీ నేనే ఇచ్చాను. 'డోలక్‌కి ఇచ్చాకే నేను పుచ్చుకుంటా' అని కృష్ణుడు ఒక్కమాట అనుంటే ఆ రోజు అలా జరిగేది కాదు. అందుకే పెద్ద వేషాల వాళ్ల చేత ముందు సంతకం పెట్టించు. వాళ్లు రాకపోతే సంఘానికి బలమే లేదు.

ఒప్పందం ఒక్క పేజీ చాలు. ఎవరికెంత, సగం అడ్వాన్స్, మిగతాది తెర లేవకముందే, వానొచ్చి ఆగిపోతే ఎంత, దారి ఖర్చులు. వీడియో సంగతి మాత్రం మర్చిపోకు. మన ప్రదర్శన రికార్డు చేయాలంటే మన అనుమతి కావాలి. కాపీరైట్ చట్టం ఆ హక్కు మనకు 50 ఏళ్లు ఇచ్చింది. వ్యాపారానికి వాడుకుంటే రాయల్టీ కూడా ఇవ్వాలని 2012లో సవరించారు. సినిమా గాయకులు 2013లో ఇస్రా అని తమ హక్కుల సంఘం పెట్టుకున్నది ఆ డబ్బు కోసమే. మనవాళ్లేమో యూట్యూబ్‌లో పెడుతున్నారని సంబరపడి ఊరుకుంటున్నారు.

చందా నెలకి యాభై పెట్టు, ఎంత చిన్న మొత్తానికైనా రసీదు రాయి. బ్యాంకులో ఇద్దరి సంతకాలుండాలి, అందులో ఒకరు వాద్యాల వాళ్లు. ప్రతి మీటింగులో లెక్క పైకి చదవండి. మొదటి మీటింగ్ ఆషాఢంలో పెట్టు, అప్పుడే అందరూ ఇళ్ల దగ్గర ఖాళీగా ఉంటారు.

ఆ డోలక్ ఆయన మీ పక్క ఊళ్లోనే ఉన్నాడు. కవర్లో యాభై పెట్టాను. మొదటి రసీదు ఆయన పేరున రాసి, నువ్వే స్వయంగా వెళ్లి ఇచ్చి రా.