కలంకారీ కొనబోయే మేనకోడలికి

అమ్మణ్ణీ,

కొత్తింటి హాల్లో వేలాడదీయడానికి కలంకారీ కొనాలని ఈ ఆదివారం కాళహస్తికి పోతున్నారని మీ నాన్న చెప్పినాడు. పొద్దున్నే పో. ట్యూబులైటు కింద రంగు ఎంచుకోవద్దు, బట్టను వాకిట్లోకి తెచ్చి ఎండ వెలుతురులో చూడు.

చేతికి ఇవ్వగానే బొమ్మ చూడకుండా బట్టను తిరగేయి. కలంతో గీసిన రంగు నూలులోకి ఇంకుతుంది కాబట్టి వెనక కూడా గీతలు కనిపిస్తాయి. వెనక తెల్లగా ఉండి, ముందువైపు వేలికి రబ్బరు పొరలా తగిలితే అది స్క్రీన్ ప్రింటు. తరువాత ఒక్క నల్ల గీతను పట్టుకుని జానెడు దూరం కంటితో వెంబడించు. వెదురు పుల్లకు గుడ్డ చుట్టి దారంతో బిగించిన కలం అది. ఆ గుడ్డను వేళ్లతో నొక్కితే రంగు మొనకు దిగుతుంది. అందుకే గీత లావుగా మొదలై సన్నబడుతుంది, మళ్లీ ముంచిన చోట చిన్న అతుకు కనిపిస్తుంది. ఆ అతుకును లోపం అనుకోవద్దు. రెండు నెమళ్ల కళ్లు వెంట్రుకవాసి తేడా లేకుండా ఉంటేనే అనుమానించు.

అచ్చులతో అద్దేది మచిలీపట్నం దగ్గర పెడన పని. అదీ అసలైన కలంకారీనే, దాని అందం దానిది. అయితే కలం పనికి ఇచ్చే ధర దానికి ఇవ్వొద్దు.

రంగు ఎట్ల పడుతుందో తెలిస్తే తప్పు ఎక్కడ జరిగిందో నీకే తెలుస్తుంది. ముతక నూలు బట్టను కరక్కాయ పొడి కలిపిన ఎనుము పాలలో తడిపి ఆరబెడతారు. పాలలోని కొవ్వు రంగును పాకనివ్వదు. నల్ల గీతల అంచులు ఈకల్లా చెదిరి ఉంటే పాలలో నీళ్లు ఎక్కువయ్యాయన్న మాట. చింతపుల్లల బొగ్గుతో బొమ్మ వేసుకుని, దానిమీద కసింతో గీస్తారు. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రెండు మూడు వారాలు పులియబెట్టిన రసమే కసిం. కలం కదిలేటప్పుడు గీత లేతగా పడి, కరక్కాయ వగరు తగిలి చూస్తుండగానే నల్లబడుతుంది. గీసే ఇంటికి పోతే ఇది చూడకుండా రావద్దు.

ఎరుపు కావాల్సిన చోట పటిక నీళ్లు పూసి, ఆరాక పారే నీళ్లలో ఉతుకుతారు. స్వర్ణముఖి ఒడ్డున ఈ పని నిలిచింది అందుకే. నిలవ నీళ్లలో ఉతికితే వదిలిన పటిక పక్కన అంటుకుంటుంది, తరువాత మంజిష్ఠ వేరుతో ఉడికించినప్పుడు అక్కడా ఎరుపు మబ్బులా పడుతుంది. మనిషి బొమ్మ చుట్టూ అట్లాంటి మబ్బు ఉంటే ఆ బట్ట వదిలేయి. పసుపు, నీలం చివర్లో వేస్తారు. ఆకుపచ్చ అంటే పసుపు మీద నీలిమందే. ఆకుల్లో అక్కడక్కడ పసుపు తొంగిచూస్తే అది చేతి పని గుర్తు.

రసాయన రంగులు వాడినారా అని నేరుగా అడుగు. తడి తెల్ల జేబురుమాలుతో అంచు రుద్దు, ఎరుపు దిగితే రంగు సరిగ్గా పట్టలేదు.

బేరం మాత్రం మరీ గట్టిగా ఆడొద్దు. 1950లలో ఆరిపోబోయిన ఈ విద్యను, చేతివృత్తుల కోసం పాటుపడిన కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో శిక్షణ పెట్టి నిలబెట్టినారు. ఆ తరువాత కాళహస్తి కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్ప శెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. వారాల తరబడి వంగి గీసిన కూలి ఆ ధరలో ఉంటుంది.

ఇంటికి తెచ్చాక ఎండ తగిలే గోడకు వద్దు, ముందు పసుపే వెలిసిపోతుంది. సబ్బు పొడి వద్దు, కుంకుడు రసంలో ఉతికి నీడలో ఆరేయి. నిమ్మరసం పడకుండా చూసుకో, పులుపుకి కసిం నలుపు పోతుంది. దాచాలంటే మడత పెట్టకుండా ఉతికిన నూలు గుడ్డతో కలిపి చుట్టు. ఇనుము వల్ల నల్ల గీత ఉన్న చోట నూలు ముందుగా బలహీనపడుతుంది, మడత సరిగ్గా ఆ గీత మీద పడితే అక్కడే చినుగుతుంది.

మీ అత్త