డీజిల్ ఇంజన్‌కి కంప్రెషన్ పోయిందంటే, లైనరు విప్పే ముందు ఏం చూడాలి?

మీ ప్రశ్న ఇదీ: విడవలూరు దగ్గర రొయ్యల చెరువు మీద ఏరియేటర్లు (నీటిలో గాలి కలిపే చక్రాలు) తిప్పే 5 హెచ్‌పీ సింగిల్ సిలిండర్ డీజిల్ ఇంజన్. నెల రోజులుగా హ్యాండిల్ తేలిగ్గా తిరిగిపోతోంది. తెల్లవారుజామున ఎంత తిప్పినా తెల్లపొగ వస్తుందే తప్ప ఇంజన్ అందుకోదు. కంప్రెషన్ పోయింది, లైనరు (పిస్టన్ ఆడే గొట్టం), పిస్టన్, దాని చుట్టూ ఉండే రింగులు మొత్తం మార్చాలని మెకానిక్ అన్నాడు. మార్చేయమంటారా?

ఇప్పుడే వద్దన్నా. కంప్రెషన్, అంటే పిస్టన్ గాలిని నలిపే ఒత్తిడి, తగ్గిందని మెకానిక్ చెప్పినది నిజమే అయ్యుంటుంది. కానీ సిలిండర్‌లో గాలి బయటికి పోవడానికి ఐదు దారులున్నాయి: ఇన్‌లెట్ వాల్వు, ఎగ్జాస్ట్ వాల్వు, రింగులు, హెడ్ గ్యాస్కెట్, నాజిల్ (డీజిల్ చిమ్మే ముక్క) కింది రాగి వాషరు. లైనరు మార్చితే బాగయ్యేది వీటిలో ఒక్కటే. గాలి ఏ దారిన పోతోందో తెలియకుండా హెడ్ విప్పితే, విప్పిన తర్వాత ఆ సంగతి తేల్చడం ఇంకా కష్టం.

స్పానర్ పట్టకముందు రెండు చూడండి. మొదటిది డీకంప్రెషన్ లివర్, అంటే హ్యాండిల్ తేలిగ్గా తిరగడానికి వాల్వుని తెరిచి ఉంచే లివర్. అది పూర్తిగా వెనక్కి పడకపోతే వాల్వు వెంట్రుక మందం తెరుచుకునే ఉంటుంది. రెండోది ట్యాపెట్ గ్యాప్, అంటే వాల్వుకీ దాన్ని నొక్కే రాకరుకీ మధ్య ఖాళీ. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు పిస్టన్‌ని కంప్రెషన్ మీద పైకి తెచ్చి ఆపండి. అప్పుడు రెండు రాకర్లూ వేలితో కదిపితే కొంచెం ఆడాలి. ఒక్కటి బిగుసుకుని ఉన్నా ఆ వాల్వు సీటు మీద కూర్చోవడం లేదన్నమాట. ఏళ్ల తరబడి కొట్టుకుని వాల్వు సీటులోకి దిగే కొద్దీ ఈ గ్యాప్ దానంతట అదే మూసుకుపోతుంది. ఫీలర్ గేజితో మీ మోడల్ మాన్యువల్‌లో ఉన్న అంకెకు సెట్ చేయండి. కంప్రెషన్ పోయిందన్న ఇంజన్ ఈ పది నిమిషాల పనితోనే మళ్లీ అందుకోవడం అరుదేమీ కాదు. అందుకే దీన్ని ముందు చెబుతున్నాను. అయితే వాల్వు చాలాకాలం బిగుసుకునే నడిచి ఉంటే మొహం కాలిపోయి ఉంటుంది, అప్పుడు గ్యాప్ పెట్టినా ఫలితం ఉండదు.

ఇక గాలి వినే పద్ధతి. డీజిల్ కట్ చేసి, డీకంప్రెషన్ లివర్ దించి, ఎయిర్ ఫిల్టరు విప్పి పక్కన పెట్టండి. సైలెన్సర్ కూడా ఊడదీస్తే ఇంకా బాగా వినిపిస్తుంది. హ్యాండిల్‌తో మెల్లగా కంప్రెషన్ దాకా తెచ్చి, ఆ బరువు మీదే ఆపి పట్టండి. బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే పెట్టండి, హ్యాండిల్ చుట్టూ వేయవద్దు, వెనక్కి తన్నితే విరుగుతుంది. మంచి ఇంజన్ కొన్ని సెకన్ల పాటు చేతిని వెనక్కి నెడుతూనే ఉంటుంది. మీది బుస్సుమని జారిపోతుంది. ఆ బుస ఎక్కడ వినిపిస్తోందో ఇంకొకరిని చెవి పెట్టమనండి. ఇన్‌లెట్ గొట్టంలో వినిపిస్తే ఇన్‌లెట్ వాల్వు, సైలెన్సర్ వైపు వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, బ్రీదర్‌లో (ఇంజన్ అడుగు గదిలోని గాలి బయటికొచ్చే గొట్టం) లేదా ఆయిల్ పోసే మూత దగ్గర వినిపిస్తే రింగులు. హెడ్ అతుకు చుట్టూ, నాజిల్ మొదట్లో సబ్బునురగ రాయండి, బుడగ లేస్తే దారి దొరికినట్టే. నీళ్లతో చల్లబడే ఇంజన్ అయితే నీళ్లు బయటికొచ్చే పైపుని బకెట్‌లో ముంచండి. కంప్రెషన్ వచ్చినప్పుడల్లా బుడగలొస్తే గ్యాస్కెట్ లీకవుతోంది, లేదా హెడ్ పగిలింది.

చిన్న విమానాల పిస్టన్ ఇంజన్లకు చేసే లీక్ పరీక్షకూ మూలం ఇదే. సిలిండర్‌లోకి 80 పీఎస్ఐ గాలి పంపి, మధ్యలో సన్నటి రంధ్రం పెట్టి, దానికి అటూ ఇటూ ఉన్న రెండు గేజీలలో తేడా చూస్తారు. 80లో 72 నిలిచిందా, 60 నిలిచిందా అన్నది లెక్క. అంకె కంటే బుస ఎక్కడిదన్నది వాళ్లకూ ముఖ్యమే. రింగుల చివర్ల మధ్య ఎప్పుడూ సందు ఉంటుంది కాబట్టి బ్రీదర్‌లో కొంచెం గాలి రావడం మామూలే. వాల్వు వైపు బుసను మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు.

వర్క్‌షాపులో కంప్రెసర్ ఉంటే మీరూ చేయించవచ్చు. పాత నాజిల్ హోల్డర్ లోపలి సామాను తీసేసి, దానికి గాలి నిప్పిల్ వెల్డింగ్ చేయిస్తే అడాప్టర్ అవుతుంది. వీలైతే ఇంజన్ వెచ్చగా ఉన్నప్పుడే చేయాలి, చల్లగా ఉంటే లీకు ఎక్కువగా కనబడుతుంది. ఒక్క హెచ్చరిక. 80 మి.మీ. బోరున్న పిస్టన్ మొహం సుమారు 50 చదరపు సెంటీమీటర్లు. 80 పీఎస్ఐ అంటే చదరపు సెంటీమీటరుకు 5.6 కిలోలు, అంటే పిస్టన్ మీద 280 కిలోల తోపుడు. పిస్టన్ సరిగ్గా పైన లేకుండా ఒక్క పిసరు పక్కనున్నా ఫ్లైవీల్ గిర్రున తిరుగుతుంది. హ్యాండిల్ తీసేయండి, బెల్టు తీసేయండి, ఫ్లైవీల్‌ని చేత్తో పట్టుకుని నిలబడకండి. ముందు ఒక కిలో గాలితో మొదలుపెట్టి, తిరగదని తేలాకే పెంచండి.

పెట్రోల్ బండ్లకు వాడే కంప్రెషన్ గేజి దీనికి పెట్టకండి, డీజిల్ ఒత్తిడికి అది చెడిపోతుంది. పైగా చేత్తో తిప్పినప్పుడు వచ్చే అంకె తిప్పే మనిషి బలాన్ని బట్టి మారుతుంది. సింగిల్ సిలిండర్ కాబట్టి పోల్చుకోవడానికి పక్క సిలిండర్ కూడా లేదు.

సిలిండర్‌లోకి ఆయిల్ పోసి చూసే పరీక్ష అందరికీ తెలుసు. ఆయిల్ పోశాక కంప్రెషన్ పెరిగితే రింగులు, మారకపోతే వాల్వులు అంటారు. ఇందులో రెండు చిక్కులున్నాయి. ఈ సైజు ఇంజన్‌లో బోరు 80, స్ట్రోకు 110 మి.మీ. అనుకుంటే 553 సీసీ. కంప్రెషన్ రేషియో 16.5 అయితే పిస్టన్ పైకొచ్చినప్పుడు మిగిలే చోటు 36 సీసీ కూడా ఉండదు. చిన్న గ్లాసుడు ఆయిల్ పోసి తిప్పితే ఆయిల్ నలగదు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. ఒక టీస్పూను, 5 మి.లీ., చాలు. రెండో చిక్కు, ఈ ఇంజన్ల పిస్టన్ నెత్తిన గిన్నెలా గుంట ఉంటుంది. పోసిన ఆయిల్ అందులోనే నిలిచి రింగుల దాకా చేరకపోతే, తప్పు వాల్వులదని పొరపాటు పడతారు. డీకంప్రెషన్ లివర్ ఎత్తి, డీజిల్ కట్‌లోనే ఉంచి, పదిసార్లు తిప్పాక లివర్ దించి చూడండి.

తెల్లపొగ ఒక్కదాన్ని చూసి కంప్రెషన్ పోయిందని తేల్చకండి. నాజిల్ కారుతున్నా, టైమింగ్ వెనక్కి పోయినా పొగ అలాగే వస్తుంది. కానీ మీ హ్యాండిల్ కూడా తేలిగ్గా తిరుగుతోంది కాబట్టి లీకు ఉన్నట్టే. గాలి నలిగి 500 డిగ్రీల దాకా వేడెక్కితేనే డీజిల్ చక్కగా అంటుకుంటుంది. లీకున్న ఇంజన్ పగలు ఎలాగో స్టార్టయినా, లోహమంతా చల్లబడిన తెల్లవారుజామున ఆ వేడి అందుకోలేదు. చెరువులో ఆక్సిజన్ అట్టడుక్కి పడిపోయేదీ ఆ వేళే కదా. అందుకే ఈ పని రేపటికి వాయిదా వేయవద్దు.

తప్పు వాల్వులదని తేలితే హెడ్ దించి, కార్బన్ గోకి, గ్రైండింగ్ పేస్టుతో రుద్దించండి. ముందు గరుకుది, తర్వాత సన్నది. వాల్వు మొహం మీదా, సీటు మీదా తెగకుండా బూడిదరంగు వలయం రావాలి. ఎక్కడ తెగితే గాలి అక్కడ పోతుంది. స్ప్రింగులు బిగించాక హెడ్‌ని పోర్టు పైకి వచ్చేలా పెట్టి కిరోసిన్ పోసి చూడండి, అయిదు నిమిషాల్లో వాల్వు చుట్టూ చెమ్మ కనబడకూడదు. రుద్దిన తర్వాత వాల్వు కొంచెం దిగుతుంది కాబట్టి ట్యాపెట్ మళ్లీ సెట్ చేయాలి.

గ్యాస్కెట్ లీకవుతోందని రెండు గ్యాస్కెట్లు కలిపి వేస్తుంటారు. దయచేసి వేయించకండి. ఒక మిల్లీమీటరు మందం పెరిగితే ఆ 36 సీసీకి ఇంకో 5 సీసీ కలిసి, 16.5 రేషియో 14.6కి పడిపోతుంది. లీకు ఆగినా స్టార్టింగ్ మెరుగుపడదు. హెడ్ వంగిందా లేదా స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి చూపించి, అవసరమైతే లేత్ షాపులో సాపు చేయించండి. బిగించేటప్పుడు బంపింగ్ క్లియరెన్స్‌ని (పిస్టన్ పైకొచ్చినప్పుడు దానికీ హెడ్‌కీ మధ్య మిగిలే గ్యాప్) సీసం తీగతో చూడమనండి: పిస్టన్ మీద తీగ పెట్టి ఒక చుట్టు తిప్పితే, నలిగిన మందమే ఆ గ్యాప్. ఉప్పునీటిని సూటిగా ఇంజన్‌లోకి పంపి చల్లబరిచే అలవాటుంటే, నీటి దారులు తుప్పుతో, ఉప్పుతో పూడి హెడ్ వేడెక్కుతుంది. గ్యాస్కెట్ మళ్లీ మళ్లీ పోవడానికి కారణం అక్కడుందేమో కూడా చూడండి.

తప్పు రింగులదే అయితే కూడా లైనరు వెంటనే పారేయనక్కర్లేదు. పై రింగుని విప్పి లైనరు అడుగున అరగని చోట, తర్వాత పైన అరిగిన చోట పెట్టి, రెండుచోట్లా చివర్ల సందు ఫీలర్‌తో కొలవండి. రెండింటి తేడాని 3.14తో భాగిస్తే లైనరు ఎంత అరిగిందో వస్తుంది. సందు 0.3 మి.మీ. పెరిగితే అరుగుదల 0.1 మి.మీ. అన్నమాట. మాన్యువల్ లిమిట్ లోపలుంటే హోనింగ్ (లైనరు లోపలి వైపు రాయితో సన్నగా రుద్దడం) చేయించి కొత్త రింగులు వేస్తే చాలు. అయితే పైన అరగక మిగిలిన మెట్టుని తీయించకుండా కొత్త రింగు వేయకండి, తగిలి విరుగుతుంది. రింగులు అరగకుండా కార్బన్‌తో గాడిలో ఇరుక్కుపోయి ఉంటే కడిగితే సరిపోవచ్చు.

ఇన్‌లెట్ గొట్టం లోపల తెల్లగుడ్డతో తుడవండి. మట్టి అంటితే ఫిల్టరు దాటి దుమ్ము వెళ్తోంది, ఏ రింగులు వేసినా నిలవవు. చీమకుర్తి గ్రానైట్ క్వారీల వైపు నడిచే ఇంజన్లకు ఇది ఇంకా పెద్ద శత్రువు. ఆయిల్ బాత్ ఫిల్టరైతే అడుగున బురద చేరగానే కడిగి, గీత దాకా కొత్త ఆయిల్ పోయాలి.

పని అయ్యేదాకా రాత్రి గడవాలంటే, ఇందాక చెప్పిన టీస్పూను ఆయిల్ ఇన్‌లెట్‌లో వేసి, లివర్ ఎత్తి పది చుట్లు తిప్పి, దించి స్టార్ట్ చేయండి. లీకు రింగులదైతే అందుకుంటుంది. పెట్రోల్ గుడ్డ మాత్రం ఇన్‌లెట్ దగ్గర పట్టకండి, వేళ కాని వేళ పేలి రింగుల్ని విరిచేస్తుంది. హెడ్ దించి బిగించాక ఒక గంట లోడు మీద నడిపి, చల్లారనిచ్చి, నట్లు ఎదురెదురుగా మళ్లీ మాన్యువల్ టార్క్‌కి బిగించి, ట్యాపెట్ ఇంకోసారి చూడండి. నట్లు బిగిస్తే గ్యాప్ మారుతుంది.