నూలు మిల్లు కార్మికుడి జాడ తీయడం గురించి

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

మీ అత్తగారి ముత్తాత ఇంగ్లండ్‌లోని లాంకషైర్ నూలు మిల్లులో నేతపని చేసేవాడన్న ఒక్క మాట ఆధారంగా ఆయన పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవాలని రాశావు. ఆస్తిపాస్తులు లేని మనిషి జాడ దొరకదేమోనన్న సందేహం అక్కరలేదు. కాకపోతే అటువంటి పేర్లు ఒక్కో ఊళ్లో పదిమందికి ఉంటాయి కనుక, పేరుతోపాటు ఊరు, వృత్తి, ఇరుగుపొరుగు కూడా కలిస్తేనే మనవాడని నమ్ము.

ఇంగ్లండ్‌లో 1931 జనాభా లెక్కల కాగితాలు 1942లో కాలిపోయాయి కనుక 1921తో మొదలుపెట్టి వెనక్కి వెళ్లు. 1921 కాగితంలో కార్మికుడి యజమాని పేరు, పనిచేసే చోటు ఉంటాయి. 1911 కాగితంలో ఆ దంపతులకు ఎందరు పిల్లలు పుట్టారో, ఎందరు పోయారో ఉంటుంది. అలా పదేళ్లకొకటి చొప్పున 1851 దాకా వెళితే, ముత్తాత తండ్రి పుట్టిన పారిష్ (ఒక చర్చి కిందికి వచ్చే ఊరు) పేరు దొరకవచ్చు. 1841 లెక్కను మాత్రం ఆచితూచి వాడు. అందులో పదిహేనేళ్లు దాటినవారి వయసును సాధారణంగా అయిదేళ్ల లెక్కకు తగ్గించి రాశారు, నలభై నాలుగేళ్లవాడు నలభై అనే కనబడతాడు. ఎవరు ఎవరికేమవుతారో అసలే రాయలేదు.

1837 జూలై నుంచి జనన, వివాహ, మరణాలకు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉంది. పెళ్లి సర్టిఫికెట్ నకలు తప్పక తెప్పించు. వధూవరుల తండ్రుల పేర్లు, వృత్తులు అందులో ఉంటాయి. సంతకం చోట ఇంటూ గుర్తు ఉంటే, ఆ మనిషికి రాయడం రాదని, ఇంటిపేరును గుమస్తా తన చెవికి వినబడినట్టు రాశాడని గ్రహించి, దాన్ని ఎన్ని రకాలుగా రాయవచ్చో అన్ని రకాలుగానూ వెతుకు.

అంతకు ముందటి కాలానికి చర్చి రిజిస్టర్లే దిక్కు. 1813లో అచ్చు ఫారాలు వచ్చాక బాప్తిస్మం నమోదులో తండ్రి వృత్తి, నివాసం కూడా చేరాయి. బాప్తిస్మం దొరకగానే సంబరపడక, ఖననాల రిజిస్టరు కూడా తిరగెయ్యి. పసిబిడ్డ పోతే తరువాతి బిడ్డకు అదే పేరు పెట్టడం అక్కడ మామూలే. పోయిన పసివాడిని పూర్వీకుడిగా ఎంచుకొని వంశవృక్షమంతా రాసుకున్నవారు కొల్లలు. కుటుంబం మెథడిస్టులైతే (వేరే ప్రొటెస్టెంటు శాఖవారు) బాప్తిస్మం వారి ప్రార్థనామందిరం రిజిస్టరులో ఉండవచ్చు గాని, 1754 నుంచి 1837 వరకు క్వేకర్లు (మరో క్రైస్తవ శాఖవారు), యూదులు తప్ప అందరూ ఆంగ్లికన్ చర్చిలోనే, అంటే ఇంగ్లండ్ అధికారిక చర్చిలోనే, పెళ్లి చేసుకోవలసి వచ్చేది.

నా దృష్టిలో వీటన్నిటికన్నా విలువైనవి పేదల సహాయానికి సంబంధించిన పారిష్ కాగితాలు. పనిపోయి సాయం అడిగినవాడిని ఏ పారిష్ పోషించాలో తేల్చడానికి మేజిస్ట్రేట్లు ప్రమాణం చేయించి, ఎక్కడ పుట్టాడో, ఎవరి దగ్గర ఏడాదిపాటు కొలువు చేశాడో విచారించి రాయించేవారు. నిక్షేపంలా బతికినవాడిని ఎవరూ ఇన్ని ప్రశ్నలు అడగలేదు. ఇవి ప్రెస్టన్‌లోని లాంకషైర్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయేమో అడుగు. సూచికలలో తప్పులు మెండు కనుక, ఎక్కడైనా అసలు పుట చూడనిదే దేనినీ ఖాయం చేయవద్దు.

పెళ్లి సర్టిఫికెట్ అందగానే సాక్షుల పేర్లు రాసి పంపు. వారు తరచు తోబుట్టువులే అయి ఉంటారు.

ఇట్లు,
మీ మామయ్య