43వ గడి

కడప

చి. అమ్మాయికి ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. పులివెందుల పిల్లవు కదా, పక్కనే ఉన్న తుమ్మలపల్లె యురేనియం గనితో మొదలుపెట్టడం చాలా నచ్చింది. కానీ మూడో పేరాలో, "మూలకాలు మొత్తం 118. వాటిలో 92 ప్రకృతిలో దొరికేవి, మిగతావి మనిషి చేసినవి" అని రాసి ముందుకు వెళ్లిపోయావు. నేను అక్కడే ఆగిపోయాను.

నా మొదటి వ్యాసాల్లో ఒకదాంట్లో నేనూ అదే మాట రాశానమ్మా. అచ్చయిన వారానికి ఒక కెమిస్ట్రీ లెక్చరర్ కార్డు ముక్క పంపారు. "43వ గడి చూశారా?" అని ఒకటే ప్రశ్న. ఆ తప్పు ఇప్పటికీ నన్ను బాధిస్తుంది, ఎందుకంటే దాన్ని బడిపిల్లలు చదివారు.

మూలకాలను వరుసగా పేర్చిన ఆవర్తన పట్టికలో 43వ గడి అంటే టెక్నీషియం అనే మూలకం. 92వ గడి యురేనియం కంటే ఎంతో ముందున్న గడి. అయినా దాన్ని ఏ రాతిలోనూ ఎవరూ పట్టుకోలేకపోయారు. చివరికి 1937లో ఇటలీలోని పలెర్మోలో సెగ్రే, పెరియర్ అనే ఇద్దరు దాన్ని గుర్తించారు. అమెరికాలో బర్కిలీ సైక్లోట్రాన్‌లో, అంటే పరమాణు కణాలను వేగంగా తిప్పే యంత్రంలో, వాడిన మాలిబ్డినం అనే లోహపు రేకులో అది పుట్టి ఉంది. అందుకే గ్రీకులో "కృత్రిమం" అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. అయితే 1952లో మెరిల్ అనే ఖగోళ శాస్త్రవేత్తకు కొన్ని ఎర్రటి నక్షత్రాల వెలుగును రంగులుగా విడదీసి చూస్తే దాన్ని గుర్తుపట్టించే గీతలు కనిపించాయి. టెక్నీషియంలో ఎక్కువకాలం నిలిచే రకానికి కూడా అర్ధాయువు, అంటే సగం తరిగిపోవడానికి పట్టే కాలం, సుమారు 42 లక్షల ఏళ్లే. నక్షత్రాల వయసు ముందు అదెంత? అంటే అవి దాన్ని లోపల ఇంకా తయారుచేస్తూనే ఉన్నాయన్నమాట! తర్వాత యురేనియం ఖనిజంలో కూడా దాని జాడ దొరికింది. యురేనియం తనంతట తాను చీలినప్పుడు అది పుడుతుంది. నీ తుమ్మలపల్లె రాతిలో కూడా కంటికి ఆననంత ఉంటుంది.

93, 94 గడుల్లోని నెప్ట్యూనియం, ప్లుటోనియం జాడలు కూడా యురేనియం ఖనిజంలో ఉన్నాయి. ఇలాంటి జాడలన్నీ కలిపితే లెక్క 94 దాకా పోతుంది. కాబట్టి "దొరికేవి" అని రాసే ముందు ఎంత దొరికితే దొరికినట్టో నువ్వు తేల్చుకోవాలి. బండ్లకెత్తేటంతా, లేక నాలుగు పరమాణువులా? ఆ సంగతి పాఠకుడికి చెప్పి, ఆ తర్వాతే అంకె వెయ్యి. 61వ గడి ప్రొమీథియం జోలికి ఈ వ్యాసంలో పోవద్దు, బరువైపోతుంది.

"కృత్రిమం" అనే మాట రాసేటప్పుడు నీ గొంతులో కొంచెం చిన్నచూపు వినిపించింది. మా అక్కకు బోన్ స్కాన్ చేసిన రోజు ఇచ్చిన ఇంజెక్షన్‌లో ఉన్నది టెక్నీషియమే. ఆ రకం ఆరు గంటలకు సగమైపోతుంది. ఒంట్లో ఏం ఎక్కిస్తున్నారోనని ఆమె టెన్షన్ పడుతుంటే, పక్కన కూర్చుని ఈ కథంతా చెప్పాను. ఆమె వింటూ కుదుటపడింది. అక్కలాంటి వాళ్లను ఎదురుగా కూర్చోబెట్టుకున్నట్టు రాయి.

ఇంకొకటి. 1938లో బెర్లిన్‌లో హాన్, స్ట్రాస్‌మన్ యురేనియాన్ని న్యూట్రాన్లతో కొట్టి చూస్తే బేరియం తేలింది. మన మంగంపేట ముగ్గురాయి (బెరైటీస్)లో ఉన్నదీ బేరియమే. ల్యాబులో పుట్టినా గనిలో దొరికినా రెండూ 56వ మూలకమే. నీ మూడో పేరా అక్కడ మొదలుపెట్టి తిరగరాయి. రాసే ముందు ఒకసారి మంగంపేట పోయి, ఆ రాతి ముక్కొకటి చేతిలోకి తీసుకో. చూపుకు మామూలు రాయిలాగే ఉంటుంది, ఎత్తితే చెయ్యి కిందికి లాగుతుంది. ఆ బరువు ఎక్కడిదో రాసి పంపు, ఎదురుచూస్తుంటాను.