సాయం చేయడమే నా ఉద్యోగం కావాలంటే నాన్న ఒప్పుకోవడం లేదు

ప్రశ్న: నేను బీకాం ఫైనల్ ఇయర్. మాది ఖమ్మం జిల్లాలో చిన్న ఊరు. వరంగల్‌లో హాస్టల్లో ఉండి చదువుతున్నాను. నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు నాయనమ్మకు గుండె ఆపరేషన్ జరిగింది. ఆస్పత్రిలో ఏ కాగితం ఎవరికివ్వాలో తెలియక అమ్మ మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే ఆరోగ్యశ్రీ హెల్ప్‌డెస్క్‌లో ఉండే ఆరోగ్యమిత్ర అక్క వచ్చింది. రేషన్ కార్డు చూసి, ఫారం తనే నింపి, అమ్మను వెంటబెట్టుకుని తిప్పింది. అప్పటినుంచి నేనూ అలాంటి పనే చేయాలనుకున్నాను. ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చేస్తానంటే నాన్నకు కోపం వచ్చింది. ఆయన హోల్‌సేల్ కిరాణా కొట్లో గుమాస్తా. అన్నయ్య చదువు లోను ఇంకా తీరలేదు. "ముందు ఇల్లు చూడు, తర్వాత ఊరిని చూద్దువు గాని, బ్యాంకు కోచింగ్‌లో చేరు" అంటున్నారు. హాస్టల్లో అందరూ కష్టాలు నాతోనే చెప్పుకుంటారు. నా పరీక్ష ఫీజు డబ్బులు ఒక ఫ్రెండ్‌కి ఇచ్చేశాను. తిరిగి అడిగితే మాట్లాడటం మానేసింది. ఇంకో అమ్మాయి రాత్రిళ్లు చచ్చిపోవాలని ఉందంటుంది. ఎవరికీ చెప్పనని నాతో ఒట్టు వేయించుకుంది. తెల్లవార్లూ ఆమె పక్కనే కూర్చుంటున్నాను. చదువు వెనకబడింది. ఈ దారి నాకు తగదంటారా?
– ఒక విద్యార్థిని

జవాబు: అమ్మా, నువ్వు చివర్లో రాసిన విషయం ముందు మాట్లాడతాను. నీ చదువూ, నాన్న కోపమూ నాలుగు రోజులు ఆగగలవు. ఆ అమ్మాయి సంగతి ఆగదు.

ఇది చదవగానే వార్డెన్ దగ్గరికి వెళ్లు. ఆమెతో చెప్పలేకపోతే మీ ఇద్దరికీ నమ్మకమున్న లెక్చరర్‌కి చెప్పు. ఇంట్లోవాళ్ల వల్లే ఆమెకు ఈ బాధ వచ్చి ఉండకపోతే వాళ్లకూ తెలియాలి. ఒట్టు తప్పానన్న బాధ పెట్టుకోకు. రేపు నువ్వు ఈ వృత్తిలోకి వస్తే మొదట నేర్పే పాఠాల్లో ఇదొకటి. మనిషి చెప్పుకున్నది గుట్టుగా ఉంచాలి, కానీ ప్రాణం మీదికి వచ్చేదైతే ఉంచకూడదు. నా దగ్గరికి వచ్చేవాళ్లకు మొదటి రోజే ఆ మాట చెప్పేస్తాను. ఆ అమ్మాయికి కూడా దాచకుండా చెప్పు: "నువ్వు నాకు కావాలి కాబట్టే చెబుతున్నాను." వార్డెన్ దగ్గరికి ఆమెను వెంటబెట్టుకుని వెళ్లగలిగితే ఇంకా మంచిది. ఇద్దరూ కలిసి 14416కి ఫోన్ చేయండి. అది 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, టెలీ మానస్. డబ్బులు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ ఉంటారు, తెలుగులో మాట్లాడతారు. చెయ్యి కోసుకోవడం, మాత్రలు కూడబెట్టడం లాంటివి కనిపిస్తే ఫోన్లతో ఆగొద్దు. ఒంటరిగా వదలకుండా పెద్దవాళ్ల తోడుతో ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ఇన్ని రాత్రులు ఆమె పక్కన కూర్చున్నావు చూడు, దానికి నిన్ను మెచ్చుకుంటున్నాను. ఇరవై ఏళ్ల పిల్లవి, ఎవరూ నేర్పకుండానే అంత పని చేశావు. కానీ ఆ బరువు ఒక్కదానివే మోయడం వల్ల ఆమెకూ మేలు జరగలేదు, నీకూ జరగలేదు. నువ్వు నిద్రపోయిన ఒక్క రాత్రి ఏదైనా అయితే జన్మంతా నిన్ను నువ్వు క్షమించుకోలేవు. అందుకే నలుగురి చేతుల్లో పెట్టమంటున్నాను.

ఇప్పుడు నీ దారి సంగతి. నాకు తగదా అని అడిగావు. తగుతుంది. అయితే నీలో ఉన్నది మంచి మనసు. పని ఇంకా నేర్చుకోవాలి. ఈ రెండింటికీ తేడా నాకెలా తెలిసిందో చెప్తాను.

నేను ఎంఎస్‌డబ్ల్యూ మొదటి ఏడాదిలో ఉన్నప్పుడు ఫీల్డ్‌వర్క్‌కి ఒక క్షయ విభాగంలో వేశారు. ఒకామె మాత్రలు సరిగా మింగడం లేదు. నేను ఎదురుగా కూర్చుని అరగంట చెప్పాను. ఆరు నెలలు మానకుండా మింగాలి, మధ్యలో ఆపితే జబ్బు మొండికేస్తుంది అని. వచ్చేటప్పుడు బిస్కెట్ ప్యాకెట్లు కొనిచ్చాను, బస్సు ఛార్జీ చేతిలో పెట్టాను. ఆమె దండం పెట్టింది. ఎంత సంతోషంగా తిరిగొచ్చానో! మా సూపర్‌వైజర్ నా డైరీ చదివి ఒకే ఒక్క మాట అడిగారు: "ఎందుకు మింగడం లేదో అడిగావా?" నేను అడగలేదు. మర్నాడు వాళ్ల ఇంటికి వెళ్తే తెలిసింది. మాత్రల అట్టలు బియ్యం డబ్బాలో, బియ్యం కింద ఉన్నాయి. జబ్బు సంగతి అత్తగారికి తెలిస్తే పుట్టింటికి పంపేస్తారని భయం. ఇంట్లో ఎవరూ లేనప్పుడు మాత్రమే డబ్బా తీసేది. నేను చెప్పిన పాఠం ఆమెకు ముందే తెలుసు. ఆమెకు కావలసింది మాత్రలు పెట్టుకోవడానికి ఒక చోటు. వీధి చివర ఆశా వర్కర్ ఇంట్లో పెట్టించాం. కూలికి పోతూ అక్కడ ఆగి మింగి వెళ్లేది. కోర్సు పూర్తయింది.

ఆ రోజు నా బిస్కెట్లు ఎవరికి పనికొచ్చాయంటే నాకే పనికొచ్చాయి. నీ పరీక్ష ఫీజు కథ చదువుతుంటే అదే గుర్తొచ్చింది. ఆ ఫ్రెండ్ అడిగిందా, నువ్వే ఇచ్చేశావా? కాలేజీలో వాయిదా అడగొచ్చా, ఆమె ఇంట్లో అసలేమైంది, ఇవన్నీ కనుక్కున్నావా? "లేదు" అంటే మనసు నొచ్చుకుంటుందనో, మంచిదాన్ని అనిపించుకోవాలనో మనం ఇచ్చేసిన సందర్భాలు ఉంటాయి. అందులో తప్పేమీ లేదు, నీ వయసులో అందరం చేశాం. 'తనకు మాలిన ధర్మం' అని పెద్దవాళ్లు అన్నది దీన్నే. నీ ఫీజు ఇచ్చేసి నువ్వు పరీక్షకు కూర్చోలేకపోతే సాయం కావలసినవాళ్లు ఒకరికి ఇద్దరవుతారు. ఆరోగ్యమిత్ర అక్కను ఒకసారి గుర్తు తెచ్చుకో. మీ అమ్మకు ఆమె తన పర్సులోంచి పైసా ఇవ్వలేదు. ఏ కిటికీ దగ్గర ఏ కాగితం ఇవ్వాలో ఆమెకు తెలుసు. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైనప్పటినుంచి ఆస్పత్రుల్లో ఆ కుర్చీలు వేసింది అందుకే. నెల తిరిగితే ఆమెకు జీతం వస్తుంది, కాబట్టే మరుసటి రోజు కూడా ఆ కుర్చీలో ఉంటుంది.

ఈ మాట నాన్నకు కూడా చెప్పాలి. ఆయన భయమంతా అక్కడే ఉంది. సేవ అంటే జీతం లేని పని అనుకుంటున్నారు. చాలామంది అలాగే అనుకుంటారు, తప్పు పట్టకు. కొట్లో రోజంతా నిలబడి లెక్కలు రాసే మనిషికి అప్పు ఎంత బరువో నీకన్నా, నాకన్నా బాగా తెలుసు. ఆయనతో వాదించేముందు నువ్వు లెక్కలు తెలుసుకో. నిజం దాచకుండా చెబుతాను. మొదట్లో జీతాలు తక్కువే. జిల్లా బాలల సంరక్షణ విభాగాల్లో సోషల్ వర్కర్, కౌన్సెలర్ పోస్టులకు కొన్నేళ్లుగా వస్తున్న నోటిఫికేషన్లలో నెలకు 18,536 రూపాయలు ఇస్తున్నారు. అదీ కాంట్రాక్టు. హింసకు గురైన ఆడవాళ్లకు అండగా ఉండే సఖి, భరోసా కేంద్రాల్లో ఉద్యోగాలూ ఎక్కువగా ఇలాంటివే. ఇది తెలియకుండా దిగితే రెండేళ్లకే విసుగొస్తుంది.

కానీ నీ దగ్గర ఒక బలం ఉంది, నువ్వు గుర్తించినట్టు లేదు. నువ్వు బీకాం. కంపెనీల చట్టం 2013లో 135వ సెక్షన్ చదివే ఉంటావు. నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవర్ వెయ్యి కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక కార్యక్రమాలకు ఖర్చు పెట్టాలి. ఆ డబ్బు కంపెనీల్లో సీఎస్‌ఆర్ (సామాజిక బాధ్యత) విభాగాల ద్వారా స్వచ్ఛంద సంస్థలకు వెళ్తుంది. పైసా పైసాకూ లెక్క చూపాలి. నేను చూసిన చాలా సంస్థల్లో పల్లెకు వెళ్లి పని చేసేవాళ్లు బాగానే దొరుకుతారు. బడ్జెట్ రాసి, ఖర్చుల నివేదిక తప్పుల్లేకుండా ఇవ్వగలిగేవాళ్ల కోసమే వెతుక్కుంటారు. ఎంఎస్‌డబ్ల్యూతో పాటు లెక్కలు వచ్చిన అమ్మాయిని వాళ్లు వదులుకోరు. అందుకని బీకాం మార్కులు పోగొట్టుకోకు. పరీక్షలయ్యేదాకా హాస్టల్ కష్టాలకు రాత్రి తొమ్మిది దాటాక తలుపు వేసెయ్.

ఎంఎస్‌డబ్ల్యూకి ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. రాష్ట్రంలో పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాస్తే ఉస్మానియా, కాకతీయ వర్సిటీల పరిధిలో సీట్లు ఉంటాయి. నువ్వు ఉండేది వరంగల్‌లోనే కాబట్టి కాకతీయ నీకు దగ్గర. జాతీయ స్థాయి పీజీ ప్రవేశ పరీక్ష సీయూఈటీ-పీజీ రాస్తే టిస్‌కు (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) ప్రయత్నించవచ్చు. 1936లో ముంబయిలో మొదలైన సంస్థ అది, హైదరాబాద్‌లోనూ క్యాంపస్ ఉంది. ప్రభుత్వ స్కాలర్‌షిప్ వెబ్‌సైట్ ఈ-పాస్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి మీకు అర్హత ఉందేమో ముందే చూసుకో, నాన్న మొదట అడిగేది అదే. ఆరు వారాల్లో కౌన్సెలర్ని చేస్తామనే ఆన్‌లైన్ కోర్సులకు మాత్రం డబ్బు కట్టకు. ఆస్పత్రిలో మానసిక రోగులతో పనిచేసే సైకియాట్రిక్ సోషల్ వర్కర్ అనిపించుకోవాలంటే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఎంఎస్‌డబ్ల్యూ మీద ఇంకో రెండేళ్ల చదువు కావాలి.

చేరేముందు ఒక పని చేసి చూడు. పరీక్షలయ్యాక ఆ సెలవుల్లో నెల రోజులు ఏదైనా సంస్థలో గానీ, ఆస్పత్రి హెల్ప్‌డెస్క్‌లో గానీ అనుమతి తీసుకుని కూర్చో. రోజూ ఒకే ఫారం యాభై మందికి నింపాలి. కొందరు విసుక్కుంటారు, కొందరు అబద్ధం చెబుతారు, చాలామంది థ్యాంక్స్ కూడా చెప్పకుండా వెళ్లిపోతారు. నెల తర్వాత కూడా పొద్దున్నే లేచి వెళ్లాలనిపిస్తే చేరు. అనిపించకపోతే బ్యాంకు పరీక్ష రాయడం చిన్నతనమేమీ కాదు. పింఛను కోసం వచ్చిన ముసలామెకు విత్‌డ్రాయల్ ఫారం ఓపిగ్గా నింపిపెట్టే క్లర్కులు నాకు తెలుసు.

నాన్నతో మాట్లాడేటప్పుడు ఒక తెల్లకాగితం మీద రాసుకుని వెళ్లు. రెండేళ్ల చదువుకు ఎంతవుతుంది, అందులో ఎంత వెనక్కి వస్తుంది, మొదటి జీతంలో ఇంటికి నెలకు ఎంత ఇవ్వగలవు, అన్నయ్య లోనులో నీ వంతు ఎంత, మూడేళ్లలో ఫలానా చోటికి చేరకపోతే ఏం చేస్తావు. ఆయన గుమాస్తా కదా, కాగితం మీద అంకెలు ఆయనకు అర్థమయ్యే భాష.

ఇంకో మాట. నీ ఉత్తరంలో అమ్మ మెట్ల మీద ఏడవడం ఉంది, నాయనమ్మ ఉంది, ఆరోగ్యమిత్ర అక్క ఉంది. ఆ రోజు నాన్న ఎక్కడున్నారో నువ్వు రాయలేదు. బహుశా డబ్బు కోసం ఎవరి గుమ్మం ముందో నిలబడి ఉండొచ్చు. ఆయన్ని ఎప్పుడైనా అడిగావా? కాగితం తీసేముందు అదే అడుగు. ఆ రోజు ఎక్కడెక్కడ తిరిగారో, ఎవరు ఇచ్చారో, ఎవరు లేదన్నారో ఆయన్ని పూర్తిగా చెప్పనివ్వు. మధ్యలో మాట్లాడకు.