కానుగ ఆకుల మీద బుడిపెలు: కొబ్బరికి పాకుతుందా?

అన్నయ్యా, పర్లాకిమిడిలో మీ పెరటి కానుగ ఆకులన్నీ బుడిపెలతో నిండాయనీ, పక్కనున్న కొబ్బరికి పాకుతుందేమోనని టెన్షన్‌గా ఉందనీ రాశారు. పాకదు, నిశ్చింతగా ఉండండి.

అవి పురుగు గుడ్లు కావు, ఆకు కండే. ఎసేరియా పొంగామియే అనే నల్లి (మంచాల్లో ఉండే నల్లి కాదు, సాలీడుకి చుట్టమైన అతి చిన్న జీవి) లేత ఆకు రసం పీల్చినప్పుడు దాని లాలాజలం ప్రభావంతో ఆకు అలా ఉబ్బుతుంది. నల్లి లోపలే కాపురం పెట్టి గుడ్లు పెడుతుంది. పొడవు మిల్లీమీటరులో ఐదో వంతు. మామూలు నల్లులకు ఎనిమిది కాళ్లుంటే దీనికి నాలుగే. కొబ్బరికాయల మీద మచ్చలు తెచ్చే ఎరియోఫిడ్ నల్లి దీనికి దగ్గర చుట్టమే, కానీ జాతి వేరు, తిండి వేరు.

ఈ వంశం ఎంత పాతదంటే, ఇటలీలో 23 కోట్ల ఏళ్ల నాటి శిలాజపు జిగురులో ఇలాంటి నాలుగు కాళ్ల నల్లులు దొరికాయని 2012లో ప్రకటించారు. డైనోసార్ల తొలినాళ్లవి! నాకు ఇది ఎప్పుడు తలచుకున్నా అబ్బురమే.

ఇక నల్లుల్లో ఉండే బ్యాక్టీరియా కోసం చెట్టుకి యాంటీబయాటిక్ కొట్టించాలా అని కూడా అడిగారు. కొన్ని నల్లుల కణాల్లో వొల్బాకియా లాంటి బ్యాక్టీరియాలు కాపురం ఉంటాయి, గుడ్ల ద్వారా తల్లి నుంచి పిల్లలకు చేరతాయి, సంతానోత్పత్తిని మారుస్తాయి. కానీ అవి ఉండేది నల్లిలో, బుడిపెలు తెచ్చేది నల్లి లాలాజలం. అందుకని చెట్టుకి యాంటీబయాటిక్ కొట్టించకండి, డబ్బు దండగ.

పురుగుమందూ వద్దు. బుడిపె లోపలికి అది చేరదు, పైగా ఈ నల్లిని తినే మంచి నల్లులు చస్తాయి. బాగా పట్టిన కొమ్మలు కోసి కాల్చేయండి. చిన్న మొక్కలైతే చిగురు వేసేటప్పుడు నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కలిపి, ఎండ తగ్గాక కొట్టండి. పెద్ద చెట్టుకి అదీ అక్కర్లేదు.