అడ్వాన్స్‌డ్ కోర్సా? ముందు ఖమ్మం జిల్లా లెక్క తేల్చమనండి

ప్రశ్న: మా అమ్మాయి బీకామ్ కంప్యూటర్స్ చేసి, ఖమ్మంలోనే ఒక మందుల డిస్ట్రిబ్యూటర్ ఆఫీసులో ఏడాదిన్నరగా పనిచేస్తోంది. రోజూ ఎక్సెల్‌లో అమ్మకాల రిపోర్టులు చేస్తుంది. మూడు నెలలు ఆన్‌లైన్‌లో పవర్ బీఐ (లెక్కలను చార్టులుగా చూపించే సాఫ్ట్‌వేర్) నేర్చుకుంది. ఇప్పుడు అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు అడ్వాన్స్‌డ్ పవర్ బీఐ, అలాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్ టాబ్లో కలిపి అయిదు నెలలు, ఫీజు 45 వేలు అంటున్నారు. హాస్టల్ ఖర్చు వేరే. ఉద్యోగం మానేసి వెళ్తానంటోంది. పంపమంటారా? (ఒక తండ్రి, ఖమ్మం)

జవాబు: ఇప్పుడే పంపొద్దండి. ఉద్యోగమైతే అసలే మానిపించొద్దు. నిజమైన అమ్మకాల లెక్కలు, వాటి గురించి రోజూ ప్రశ్నలు వేసే ఓనరు... ఈ రెండూ ఏ ఇన్‌స్టిట్యూట్‌లోనూ దొరకవు. మీ అమ్మాయికి జీతమిచ్చి మరీ దొరికాయి.

నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది లాప్‌టాప్ తెరిచి ఒకటే డాష్‌బోర్డు (చార్టులన్నీ ఒకే తెర మీద ఉండే రిపోర్టు) చూపిస్తారు. టాబ్లోతో పాటు వచ్చే ‘సూపర్‌స్టోర్’ అనే శాంపిల్ డేటాతో చేసింది. అమెరికాలో ఏ రాష్ట్రంలో ఎన్ని కుర్చీలు, బల్లలు అమ్ముడయ్యాయో అందులో ఉంటుంది. రంగులు బ్రహ్మాండంగా ఉంటాయి. ‘మరి టెక్సస్‌లో నష్టం ఎందుకొచ్చింది?’ అని అడిగితే నీళ్లు నములుతారు. డిస్కౌంటు కాలమ్ అదే ఫైల్లో ఉంటుంది, ఎవరూ దాన్ని తెరిచి చూసి ఉండరు. ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఆ సూపర్‌స్టోర్‌ని ఎన్నిసార్లు చూసి ఉంటారో మీరే ఊహించుకోండి.

ఇక్కడి నుంచి కాస్త టెక్నికల్. అమ్మాయినే చదవమనండి.

అమ్మా, యాభై రకాల చార్టులు వేయడం వస్తే అడ్వాన్స్‌డ్ అనుకోకు. నా లెక్కలో అది డేటా మోడలింగ్ దగ్గర, అంటే ఏ టేబుల్‌ని దేనితో ఎలా కలపాలో తేల్చే దగ్గర మొదలవుతుంది. నీకొక పని చెబుతాను. 2014 నుంచి ఇప్పటిదాకా ఖమ్మం జిల్లాకు సంబంధించి ఏదో ఒక లెక్క తీసుకుని లైన్ చార్టు వేయి. పంటల విస్తీర్ణమైనా సరే, వాహనాల రిజిస్ట్రేషన్లైనా సరే. తెలంగాణ ఏర్పడినప్పుడు 10 జిల్లాలు. 2016 అక్టోబరు 11న 31 అయ్యాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట వచ్చి 33 అయ్యాయి. ఇవేవీ పట్టించుకోకుండా గీత గీస్తే 2016లో ఖమ్మం దభీమని పడిపోతుంది. నిజానికి పడిపోయిందేమీ లేదు, భద్రాద్రి కొత్తగూడెం విడిపోయింది, అంతే.

సరే, రెండు జిల్లాలూ కలిపేస్తే పోలా అంటావేమో. పోదు. గార్ల, బయ్యారం మహబూబాబాద్‌లోకి వెళ్లాయి. వాజేడు, వెంకటాపురం అప్పటి జయశంకర్ భూపాలపల్లిలోకి వెళ్లి, ఇప్పుడు ములుగులో ఉన్నాయి. అంతకుముందే, 2014లో, పోలవరం ముంపు మండలాలు ఏడు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. కాబట్టి మండలం స్థాయికి దిగాలి. ఏ మండలం, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ జిల్లాలో ఉందో విడిగా ఒక టేబుల్ కట్టి, దాన్ని లెక్కల టేబుల్‌కి కలపాలి. మీ ఆఫీసులో ఒక సేల్స్‌మన్ రూటు మారితే అతని పాత అమ్మకాలు ఎవరి ఖాతాలో చూపించాలి? అదీ ఇలాంటి చిక్కే. ఇది సొంతంగా విప్పగలిగితే అడ్వాన్స్‌డ్‌లో సగం దాటినట్టే.

తర్వాత డాక్స్, అంటే పవర్ బీఐలో లెక్కలు కట్టే ఫార్ములాలు. క్యాలిక్యులేట్ ఫంక్షన్, ఫిల్టర్ కాంటెక్స్ట్ (ఆ లెక్కలోకి ఏ వరుసలు వస్తున్నాయనేది), ఈ రెండింటి దగ్గరే అందరూ ఆగిపోతారు, తొందరపడకు. ఒక చిన్న పరీక్ష: సంవత్సరం మొదటి నుంచి ఇప్పటిదాకా కూడే టోటల్‌వైటీడీ ఫంక్షన్‌కి సంవత్సరం ముగిసే తేదీ చెప్పకపోతే అది జనవరి నుంచి కూడుతుంది. మనకు ఆర్థిక సంవత్సరం మారేది ఏప్రిల్‌లో. మార్చి 31 అని చెప్పకుండా వదిలేస్తే ఫిబ్రవరిలో ఓనరుకి రెండు నెలల అమ్మకాలే కనిపిస్తాయి, ఆయన బీపీ నీ మీద పడుతుంది. అలాగే 2.5ఎం (మిలియన్) అని చూపిస్తే ఆయనకేం అర్థమవుతుంది? 25 లక్షలు అని కనిపించేలా ఫార్మాట్ మార్చాలి.

ఇంకొకటి, శాతాలకు సగటు తీయకు. ఒక ఏరియాలో 10 లక్షల అమ్మకానికి 5 శాతం లాభం, ఇంకో ఏరియాలో లక్షకు 20 శాతం అనుకో. సగటు తీస్తే పన్నెండున్నర వస్తుంది. మొత్తం లాభం 70 వేలు, అమ్మకం 11 లక్షలు, అంటే అసలు లాభం 6.4 శాతమే. ఈ తప్పు పెద్ద పెద్ద కంపెనీల రిపోర్టుల్లో కూడా చూశాను.

డిజైన్ గురించి ఎక్కువ చెప్పను. క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ అనే ఇద్దరు 1984లోనే పరీక్షించి చూపించారు: ఒకే కొలబద్ద మీదున్న వాటిని మన కన్ను బాగా పోల్చగలదు, కోణాల దగ్గర తడబడుతుంది. పన్నెండు ఏరియాలను గుండ్రంగా ముక్కలు చేసి చూపే పై చార్టులో పెడితే ఏది పెద్దదో ఎవరికీ తెలియదు, బార్ చార్టు వేయి. ఓనరు పై చార్టే కావాలంటే వాదించకు, అదీ ఇచ్చి పక్కన బార్ పెట్టు.

పవర్ బీఐ డెస్క్‌టాప్ ఉచితం, విండోస్‌లోనే నడుస్తుంది. రిపోర్టు పబ్లిష్ చేయడానికి మాత్రం జీమెయిల్ పనికిరాదు, ఆఫీసు లేదా కాలేజీ మెయిల్ ఉండాలి. టాబ్లో పబ్లిక్ కూడా ఉచితమే, కానీ అందులో ఆన్‌లైన్‌లో పెట్టింది లోకమంతా చూస్తుంది. ఆఫీసు డేటా పొరపాటున కూడా అక్కడ పెట్టొద్దు, ఉద్యోగం పోతుంది. నలుగురికీ చూపించుకోవడానికి ఓపెన్ డేటా తెలంగాణ పోర్టల్‌లోని లెక్కలు వాడుకో. రెండు సాఫ్ట్‌వేర్లూ ఒకేసారి వద్దు. ముందు పవర్ బీఐ, దానితో పాటు రోజూ అరగంట ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ నుంచి లెక్కలు తీసే భాష). సర్టిఫికెట్ కావాలనుకుంటే పవర్ బీఐ మీద మైక్రోసాఫ్ట్ పెట్టే పీఎల్-300 పరీక్ష ఉంది. వెయ్యికి 700 వస్తే పాస్. ఏడాదికోసారి ఆన్‌లైన్‌లో ఉచితంగా రెన్యూ చేసుకోవాలి. దానికి చదవాల్సిందంతా మైక్రోసాఫ్ట్ లెర్న్ వెబ్‌సైట్‌లో డబ్బు కట్టకుండానే దొరుకుతుంది.

మళ్లీ మీతో, సార్. అమ్మాయికి మూడు నెలల గడువు ఇవ్వండి. ఈలోగా ఆ జిల్లాల టేబుల్, ఓనరు నిజంగా వాడే ఒక డాష్‌బోర్డు, ఈ రెండూ తయారవ్వాలి. ఎక్కడో ఒకచోట తప్పకుండా ఆగిపోతుంది, టెన్షన్ పడొద్దనండి. ఎక్కడ ఆగిందో ఒక నోటు పుస్తకంలో రాసుకోమనండి. ఆ మూడు నెలల తర్వాత కూడా కోర్సు కావాలంటే ఆదివారాలదో, రాత్రిపూట ఆన్‌లైన్‌దో చూడండి. ప్లేస్‌మెంట్ గ్యారంటీ అని నోటితో చెప్పేవాళ్లను కాగితం మీద రాసిమ్మనండి. ఫీజు కట్టే ముందు, డెమో కాదు, మామూలుగా జరిగే క్లాసులో ఒకరోజు కూర్చోనివ్వమని అడగండి. ఆ రోజు అమ్మాయి తన ఫైలు పట్టుకెళ్లి గార్ల మండలం సంగతి అడగాలి. పాఠం చెప్పే ఆయన టేబుల్స్ ఎలా కలిపిందో తెరిచి చూస్తే ఫీజు గురించి మాట్లాడండి. ‘అవన్నీ తర్వాత, ముందు జాయినవ్వమ్మా’ అంటే ఆ సాయంత్రమే ఖమ్మం బస్సెక్కించండి.